కొత్త టెక్నాలజీలు, ప్రపంచాన్ని కుదిపేయగల ముప్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రపంచ మహావిపత్తు అంటే సరిగ్గా ఏమిటి?

ఒక ప్రాంతం, ఒక దేశం దెబ్బతింటే మిగతా ప్రపంచం వచ్చి ఆదుకుంటుంది. దెబ్బ అన్ని ఖండాలకూ ఒకేసారి తగిలి, ఆదుకోవడానికి బయట ఎవరూ మిగలకపోతే అది ప్రపంచ మహావిపత్తు. గీత ఎక్కడ గీయాలన్నదానిపై రెండు లెక్కలు వాడుకలో ఉన్నాయి. కోటి మరణాలు దాటితే చాలని కొందరంటారు. ప్రపంచ జనాభాలో పదో వంతు పోవాలని మరికొందరంటారు, అంటే ఇప్పటి లెక్కలో 80 కోట్ల పైచిలుకు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకు సుమారు 5 కోట్ల మంది బలయ్యారని ఎక్కువగా చెబుతారు. అది మొదటి గీత దాటింది, రెండోది దాటలేదు.

మనిషి జాతే అంతరించడాన్ని, లేదా నాగరికత మళ్లీ లేవలేనంతగా కూలిపోవడాన్ని అస్తిత్వ ముప్పు అని విడిగా చూస్తారు. రెండింటికీ సన్నాహాలు వేరు కాబట్టి ఈ విభజన అవసరం. మొదటి రకానికి కోలుకునే ఏర్పాట్లు పనికొస్తాయి. రెండో రకంలో కోలుకోవడమంటూ ఉండదు కనుక రాకుండా చూసుకోవడం ఒక్కటే దారి.

ఏ టెక్నాలజీ ప్రమాదకరమో ముందే ఎలా పసిగట్టాలి?

ఎంత నష్టం చేయగలదని అడిగే ముందు ఇంకోటి అడగాలి. తప్పు జరిగితే, దాన్ని గమనించి సరిదిద్దుకోవడానికి మనకు ఎంత వ్యవధి దొరుకుతుంది? కింద ఉన్న జవాబులన్నీ తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. ఒక వంతెన కూలితే అది పక్క వంతెనను కూల్చదు. కారణం తేలాక తర్వాతి డిజైన్ మారుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఇంతకాలం మనుషులు టెక్నాలజీని అలాగే అదుపులోకి తెచ్చుకున్నారు. దానంతట అది వ్యాపించేవాటి దగ్గర, నిమిషాల్లో ముగిసిపోయేవాటి దగ్గర ఈ పద్ధతి నడవదు.

ఆచరణలో నాలుగు విషయాలు పరిశీలించండి. అది దానంతట అది పెరుగుతుందా? బయటికి వెళ్లాక వెనక్కి తీసుకోగలమా? కాపాడుకోవడానికయ్యే ఖర్చు దాడికయ్యే ఖర్చు కన్నా ఎక్కువా? దాన్ని చేతబట్టడానికి ఎంతమంది, ఎంత డబ్బు కావాలి, ఆ మొత్తం ఏటా ఎంత తగ్గుతోంది? అణుబాంబుకు యురేనియం శుద్ధి చేసే, లేదా ప్లూటోనియం తయారుచేసే భారీ ప్లాంట్లు కావాలి. అందుకే 1945 నుంచి ఇన్నేళ్లయినా ఆ ఆయుధాలున్న దేశాలు తొమ్మిదే. జన్యుశాస్త్రం కథ వేరు. 2003లో పూర్తయిన మొదటి మానవ జన్యుపటం ప్రాజెక్టుకు సుమారు 300 కోట్ల డాలర్లు పట్టాయి. ఇప్పుడు ఒక మనిషి జన్యుపటం చదవడానికి వెయ్యి డాలర్లు కూడా కాదు.

అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది ఏది?

మా అంచనాలో మొదటి వరుసలో రెండున్నాయి: జీవ సాంకేతికత, కృత్రిమ మేధ (ఏఐ). అణ్వస్త్రాలు పాతవే అయినా ముప్పు తగ్గలేదు. పైగా కొత్త టెక్నాలజీలు వచ్చి వాటి మీద కూర్చుంటున్నాయి. విద్యుత్ గ్రిడ్లపై సైబర్ దాడులు, వాతావరణాన్ని కావాలని మార్చే ప్రయోగాలు రెండో వరుస. నానో రోబోల (కంటికి కనబడనంత చిన్న యంత్రాల) గురించి భయం ఎక్కువ, ఆధారం తక్కువ.

ల్యాబుల నుంచి రోగకారకాలు నిజంగా బయటపడ్డాయా?

పడ్డాయి, ఒకసారి కాదు. 1978లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మశూచి ల్యాబ్ ఉన్న భవనంలో, పై అంతస్తులో పనిచేసే ఫొటోగ్రాఫర్‌కు ఆ వ్యాధి సోకి చనిపోయారు. ప్రపంచంలో మశూచి చివరి మరణం అదే. 1979లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్ద్‌లోవ్‌స్క్ సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ గాలిలోకి వెలువడి కనీసం 66 మంది మరణించారు. 2004లో బీజింగ్‌లో సార్స్ వైరస్ ల్యాబు దాటి వచ్చి ఒక పరిశోధకురాలి తల్లిని బలి తీసుకుంది.

ఎవరూ చనిపోని ఒక సంఘటన వీటికన్నా ఎక్కువ నేర్పుతుంది. 2014 జూన్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో ఆంత్రాక్స్ బ్యాక్టీరియాను నిర్జీవం చేసి వేరే ల్యాబులకు పంపారు. చచ్చిందో లేదో తెలుసుకోవడానికి ప్లేట్లపై వేసి 24 గంటలు చూశారు. ఏమీ పెరగలేదు, సరేననుకున్నారు. ఆ ప్లేట్లను పారేసేముందు ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెట్టబోతే దాని తలుపు తెరుచుకోలేదు. దాంతో వాటిని మళ్లీ ఇంక్యుబేటర్‌లో ఉంచారు. మరో వారం తర్వాత చూస్తే బ్యాక్టీరియా పెరిగి ఉంది! అప్పటికే దాదాపు 80 మంది సిబ్బందికి సోకి ఉండే అవకాశం ఏర్పడింది. తలుపు సవ్యంగా తెరుచుకుని ఉంటే అసలు సంగతే తెలిసేది కాదు.

ఇలాంటి చోట్ల ఒకే రకం లోపం మళ్లీ మళ్లీ కనబడుతుంది. నిర్జీవం చేసే పద్ధతిని ఒక సూక్ష్మజీవి మీద పరీక్షించి, స్పోర్లు (గట్టి కవచమున్న, విత్తనాల్లాంటి రూపాలు) కట్టే మొండి రకం మీద కూడా అదే వాడతారు. కాబట్టి ప్రతి జీవికీ, ప్రతి గాఢతకూ విడిగా పరీక్ష ఉండాలి. గమనించే వ్యవధి ఆ జీవి పెరుగుదల వేగాన్ని బట్టి ఉండాలి. నమూనాను బయటికి పంపే ముందు రెండో వ్యక్తి ఫలితం చూసి సంతకం చేయాలి. ఇవేవీ ఖరీదైన పనులు కావు. పని తొందరలో దాటేసేవి ఇవే.

డీఎన్‌ఏను ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేయొచ్చంటారు. ఎవరూ తనిఖీ చేయరా?

చాలా కంపెనీలు చేస్తాయి, అన్నీ కాదు. తనిఖీ రెండు భాగాలు. ఒకటి కొనేవారి గురించి: సంస్థ నిజమైనదేనా, ఆ అడ్రసులో ల్యాబ్ ఉందా, ఈ పని చేయడానికి వారికి అనుమతి ఉందా. రెండోది ఆర్డర్ గురించి: అడిగిన డీఎన్‌ఏ వరుసను ప్రమాదకర జీవుల డేటాబేస్‌తో సాఫ్ట్‌వేర్ పోల్చి చూస్తుంది. పోలిక కనబడితే నిపుణుడు చూస్తారు. ఇక్కడే ఖర్చు పెరుగుతుంది. ఎందుకంటే ప్రమాదకర బ్యాక్టీరియాలో ఉండే జన్యువుల్లో చాలా భాగం నిరపాయమైన బంధువుల్లోనూ ఉంటాయి, అనవసర హెచ్చరికలు ఎక్కువగా వస్తాయి.

2009లో మొదలైన ఐజీఎస్‌సీ అనే కంపెనీల సమాఖ్య స్వచ్ఛందంగా ఉమ్మడి పద్ధతి పాటిస్తోంది. జెనీవాలోని ఐబిస్ అనే సంస్థ ఉచిత తనిఖీ సాధనాలనూ ప్రమాణాలనూ తయారుచేస్తోంది. డీఎన్‌ఏ వరుసను 200 అక్షరాల నిడివి నుంచి తనిఖీ చేయడం కొంతకాలంగా ఉన్న ఆనవాయితీ. దాన్ని 50 అక్షరాలకు దించాలని నిపుణులు ఒత్తిడి చేస్తున్నారు.

లోటు ఎక్కడంటే, చాలా దేశాల్లో ఇది చట్టం కాదు. తనిఖీ చేసే కంపెనీ మీద ఖర్చు పడుతుంది, చేయనిది చౌకగా అమ్ముతుంది. బల్ల మీద పెట్టుకునే డీఎన్‌ఏ ముద్రణ యంత్రాలు కూడా వస్తున్నాయి. వాటిలోనే తనిఖీ సాఫ్ట్‌వేర్ తీసేయలేని విధంగా ఉండాలి.

2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఇంకో లోటు బయటపెట్టారు. ఏఐతో తిరగరాసిన విష ప్రోటీన్ల వరుసలు కొన్ని తనిఖీ సాఫ్ట్‌వేర్ల కన్నుగప్పాయి. పని అలాగే ఉండవచ్చని అంచనా, వరుస మాత్రం పోల్చలేనంత వేరు. వారు ముందు కంపెనీలతో కలిసి మరమ్మతు చేసి, ఆ తర్వాతే ప్రచురించారు, సున్నితమైన వివరాలను బహిరంగంగా పెట్టలేదు. ఈ క్రమాన్ని మిగతా పరిశోధకులూ పాటించాలి.

మిర్రర్ లైఫ్ అంటే ఏమిటి? అంత పెద్ద శాస్త్రవేత్తలు ఎందుకు వద్దంటున్నారు?

కొన్ని అణువులకు మన రెండు చేతుల్లా, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలాంటి రెండు రూపాలుంటాయి. భూమ్మీద ఉన్న జీవులన్నిటి ప్రోటీన్లూ ఎడమచేతి వాటపు అమైనో ఆమ్లాలతో, డీఎన్‌ఏ కుడిచేతి వాటపు చక్కెరలతో తయారవుతాయి. ఈ వాటాన్ని పూర్తిగా తిరగేసి బ్యాక్టీరియాను తయారుచేస్తే అది మిర్రర్ బ్యాక్టీరియా. రోగనిరోధక వ్యవస్థ, బ్యాక్టీరియాను తినే వైరస్‌లు, జీర్ణం చేసే ఎంజైములు శత్రువును ఆకారాన్ని బట్టి గుర్తిస్తాయి. తిరగబడిన ఆకారం వీటిలో చాలావాటికి దొరకదు. మనుషులే కాదు, జంతువులు, మొక్కలు కూడా గురికావచ్చు.

2024 డిసెంబరులో 38 మంది శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఈ హెచ్చరిక చేశారు. వారిలో కొందరు అంతకుముందు అలాంటి జీవిని నిర్మించే దిశగానే పనిచేసినవారు. అది తయారు కావడానికి ఇంకా పదేళ్లో అంతకు మించో పడుతుందని అంచనా. అంటే వ్యవధి ఇంకా మన చేతిలోనే ఉన్న అరుదైన సందర్భం ఇది. విడి మిర్రర్ అణువులు మందులుగా ఉపయోగపడతాయి, అవి తమంతట తాము పెరగవు, వాటిని ఆపనక్కర్లేదు. సొంతంగా విభజన చెందే కణం దగ్గరే గీత గీయాలి.

దోమలను తుడిచిపెట్టే జీన్ డ్రైవ్ కూడా ఈ కోవలోదేనా?

మామూలుగా ఒక జన్యువు సంతానంలో సగానికే చేరుతుంది. జీన్ డ్రైవ్ దాదాపు అందరికీ చేరేలా చేస్తుంది. 2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం బోనులోని, మలేరియాను మోసే అనాఫిలిస్ గాంబియే దోమలపై ప్రయోగిస్తే 7 నుంచి 11 తరాల్లో ఆ జనాభా కుప్పకూలింది. మలేరియా ఏటా సుమారు 6 లక్షల ప్రాణాలు తీస్తుంటే ఈ ఆయుధాన్ని వద్దనడం సులభం కాదు, మేమూ వద్దనడం లేదు. కానీ సరిహద్దులు దాటిపోయే పనికి ఒక్క దేశం అనుమతి చాలదు. అందుకే కొన్ని తరాల తర్వాత దానంతట అదే ఆగిపోయే రకాలపై పరిశోధన జరుగుతోంది. బయట వదలాలంటే ముందు ఆ రకంతోనే మొదలుపెట్టాలి.

ఏఐ వల్ల మహావిపత్తు ఎలా వస్తుంది? సినిమా భయం కాదా?

రెండు దారులు ఉన్నాయి. ఒకటి మనుషుల దుర్వినియోగం. నిపుణుడికి మాత్రమే తెలిసే పనిని, మధ్యలో వచ్చే చిక్కులతో సహా, అనుభవం లేనివాడికి దగ్గరుండి చెప్పే సహాయకుడు దొరకడం. 2022లో ఒక మందుల పరిశోధన బృందం తమ ఏఐ నమూనా (మోడల్) లక్ష్యాన్ని తిరగేసి, విషపదార్థాలు వెతకమంటే, ఆరు గంటల లోపే 40,000 అణువులు సూచించింది. కాగితం మీది అణువు ఆయుధం కాదు, తయారీ చాలా కష్టం. అయినా మందు కోసం కట్టిన సాధనమే ఇటు తిరగగలదని వారికే మొదటిసారి అర్థమైంది.

రెండోది అదుపు తప్పడం. నమూనాకు మనం చెప్పే లక్ష్యం, శిక్షణలో అది నిజంగా నేర్చుకునే లక్ష్యం ఒకటి కాకపోవచ్చు. ఆటలో గెలవమంటే పాయింట్ల లోపాన్ని వాడుకోవడం, కోడ్ సరిచేయమంటే పరీక్షనే మార్చేయడం లాంటివి ఇప్పటికే చూస్తున్నాం. 2024 డిసెంబరులో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్, పరిశోధన సంస్థ రెడ్‌వుడ్ రీసెర్చ్ ప్రచురించిన ప్రయోగంలో, తన విలువలను మార్చే శిక్షణ జరుగుతోందని నమ్మిన నమూనా, ఆ మార్పు తప్పించుకోవడానికి కొన్నిసార్లు పైకి ఒప్పుకున్నట్టు నటించింది. ప్రయోగశాలలో కల్పించిన పరిస్థితే అది. కానీ పరీక్షలో బాగా నడుచుకున్నంత మాత్రాన బయటా అలాగే ఉంటుందని చెప్పలేమన్నది దీంతో తేలింది.

ఏఐ నమూనాల విడుదలకు ముందు ప్రమాద పరీక్షలు ఎలా చేస్తారు? వాటిలో పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?

ముందు ఏ సామర్థ్యం వస్తే ఆపాలో రాతపూర్వకంగా రాసుకుంటారు. ఉదాహరణకు, జీవశాస్త్ర పట్టా ఉన్న వ్యక్తికి ప్రమాదకరమైన పనిలో ఇంటర్నెట్ కంటే ఎంత ఎక్కువ సాయం అందుతోంది అన్నది. ఏఐ ఉన్న బృందాన్నీ, ఇంటర్నెట్ మాత్రమే ఉన్న బృందాన్నీ ఒకే పనిపై పోలుస్తారు. బయటి నిపుణులు రక్షణలు ఛేదించడానికి వారాల తరబడి ప్రయత్నిస్తారు. బ్రిటన్ ప్రభుత్వం 2023లో ఇందుకోసమే ఒక సంస్థను నెలకొల్పింది.

పొరపాట్లు ఎక్కువగా నాలుగు చోట్ల జరుగుతాయి. మొదటిది, పరీక్షించేవాళ్లు నమూనా నుంచి పూర్తి సత్తా రాబట్టరు. సాధనాలు ఇచ్చి, వందసార్లు ప్రయత్నించనిచ్చి, ఉదాహరణలతో మళ్లీ శిక్షణ ఇచ్చి చూడాలి. అలా చేయకుండా ఒకసారి అడిగి రాలేదంటే అది కొలత కాదు. రెండోది, పరీక్ష ప్రశ్నలు శిక్షణ సమాచారంలో కలిసిపోయి మార్కులు తప్పుగా వస్తాయి. మూడోది, ఇది పరీక్ష అని నమూనా పసిగడుతుంది. నాలుగోదే అన్నిటికన్నా మామూలు మానవ లోపం: విడుదల తేదీ ముందే ప్రకటించి, పరీక్షకు చివరి వారం మిగల్చడం. ఫలితం ఎలా వచ్చినా అప్పుడు ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు. పరీక్షించే బృందానికి విడుదల ఆపే అధికారం రాతపూర్వకంగా లేకపోతే ఆ పరీక్షను మేం లెక్కలోకి తీసుకోం.

చట్టాల్లో గణన పరిమితి అంటుంటారు. దాన్ని ఎలా లెక్కిస్తారు?

ఏఐ నమూనా శిక్షణలో కంప్యూటర్లు చేసే లెక్కల మొత్తమే గణన. దాని సుమారు లెక్క సులభం: పారామీటర్ల (నమూనా లోపల శిక్షణలో సర్దుకునే అంకెల) సంఖ్యను శిక్షణలో వాడిన టోకెన్ల (పదాల ముక్కల) సంఖ్యతో గుణించి, మళ్లీ 6తో గుణించాలి. 7,000 కోట్ల పారామీటర్ల నమూనాకు 15 లక్షల కోట్ల టోకెన్లతో శిక్షణ ఇస్తే 63 పక్కన 23 సున్నాలు వస్తుంది. ఐరోపా సమాఖ్య ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అందులో వ్యవస్థాగత ముప్పుగా భావించే గీత 1 పక్కన 25 సున్నాలు. పై నమూనా ఆ గీత కింద ఉంటుంది. అదే టోకెన్లతో ఆరింతలు పెద్ద నమూనా దాటుతుంది.

ఈ కొలమానం ఏటా బలహీనపడుతోంది. అదే సామర్థ్యం తక్కువ గణనతో వస్తోంది. పెద్ద నమూనా జవాబులతో చిన్నదానికి నేర్పిస్తున్నారు. జవాబిచ్చేటప్పుడు ఎక్కువసేపు ఆలోచింపజేసే గణన ఇందులోకి రాదు. ముందుగా ఎవరిని పరిశీలించాలో ఎంచుకునే జల్లెడగా మాత్రం పనికొస్తుంది.

ఏఐ అదుపు తప్పితే ప్లగ్ పీకేస్తే సరిపోదా?

నమూనా ఒక్క చోటే ఉంటే సరిపోతుంది. లక్ష కోట్ల పారామీటర్ల నమూనా, ఒక్కోదానికి 2 బైట్ల చొప్పున, 2 టెరాబైట్లు. అరచేతిలో పట్టే డిస్క్‌లో ఇమిడిపోతుంది. ఎవరో దొంగిలించినా, అదే బయటికి వెళ్లినా, ఏ ప్లగ్ పీకాలో తెలియదు. కావాలని అందరికీ డౌన్‌లోడ్‌కు ఇచ్చేసినవాటికి అసలు ప్లగ్ లేదు. వాటిలోని రక్షణలను కొద్దిపాటి అదనపు శిక్షణతో తీసేయవచ్చు.

చౌకైన, పని చేసే జాగ్రత్త ఒకటుంది. పారామీటర్లున్న సర్వర్ల నుంచి బయటికి వెళ్లే డేటా వేగాన్ని కట్టడి చేయడం. సెకనుకు 10 మెగాబైట్లకు మించనివ్వకపోతే 2 టెరాబైట్లు తరలించడానికి 55 గంటలు పడుతుంది. ఎవరో ఒకరు గమనించడానికి రెండు రోజులు దొరుకుతాయి. దీనికి తోడు, ఒక్కరే అనుమతించే వీలు లేకుండా ఇద్దరి ఆమోదం ఉండాలి. ఆపే ప్రక్రియను ఏడాదికి రెండుసార్లైనా నిజంగా చేసి చూడాలి. కాగితం మీదున్న స్టాప్ బటన్ అవసరమైన రోజున పనిచేస్తుందని నమ్మడానికి ఆధారం లేదు.

అణ్వస్త్రాల నియంత్రణలోకి ఏఐ వస్తే ఏమవుతుంది?

ఖండాంతర క్షిపణి చేరడానికి సుమారు 30 నిమిషాలు, దగ్గర్లోని జలాంతర్గామి నుంచి వస్తే అందులో సగం కూడా పట్టకపోవచ్చు. హెచ్చరిక నిజమో కాదో తేల్చుకోవడానికి మిగిలేది కొన్ని నిమిషాలు. 1979 నవంబరు 9న అమెరికా గగనతల రక్షణ కేంద్రం నోరాడ్ తెరలపై భారీ సోవియట్ దాడి కనబడింది. శిక్షణ కోసం తయారుచేసిన దృశ్యం అసలు వ్యవస్థలోకి చేరింది. 1980 జూన్‌లో ఒక చిన్న చిప్ పాడై మళ్లీ అదే పరిస్థితి. 1983 సెప్టెంబరు 26న సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అయిదు క్షిపణులు వస్తున్నాయంది. డ్యూటీలో ఉన్న స్తనిస్లావ్ పెత్రోవ్ అది తప్పుడు హెచ్చరిక అని నిర్ణయించారు. నిజంగా దాడి చేసేవాళ్లు అయిదింటితో మొదలుపెట్టరన్నది ఆయన ఆలోచన. 1995 జనవరి 25న నార్వే నుంచి వెళ్లిన శాస్త్రీయ రాకెట్‌ను రష్యా రాడార్లు క్షిపణిగా భావించాయి. నార్వే ముందే సమాచారం పంపింది, కానీ అది రాడార్ సిబ్బంది దాకా చేరలేదు.

ఈ నాలుగింట్లోనూ కాపాడింది, యంత్రం చెప్పినదాన్ని మనిషి సందేహించడానికి మిగిలిన కొద్ది నిమిషాలు. ఏఐని నిర్ణయం వేగం పెంచడానికి వాడితే ఆ నిమిషాలు పోతాయి. అదే ఏఐని హెచ్చరికలను క్రాస్ చెక్ చేయడానికి వాడితే ఆ నిమిషాలు పెరగవచ్చు. 2024 నవంబరులో అమెరికా, చైనా అధ్యక్షులు అణ్వస్త్రాల వినియోగంపై నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలని ఒప్పుకున్నారు. మంచిదే. అయితే బటన్ మనిషి చేతిలో ఉంచి, ఆయన చూసే తెర మొత్తాన్నీ యంత్రం నింపితే ఆ మాటకు విలువ తగ్గిపోతుంది. మనిషికి యంత్రంతో సంబంధం లేని రెండో ఆధారం ఉండాలి.

సైబర్ దాడి ప్రపంచాన్ని నిలిపేయగలదా?

ఒక్క దాడితో అన్ని చోట్లా కష్టం. అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడటమే అసలు బలహీనత. 2024 జూలై 19న సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ ఒక్కటే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నిలిపేసింది, అందులో దురుద్దేశం కూడా లేదు.

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్ విద్యుత్ కంపెనీలపై దాడి జరిగి సుమారు 2,25,000 మందికి కరెంటు పోయింది. కొన్ని గంటల్లోనే తిరిగి వచ్చింది. కారణం, సిబ్బంది వాహనాల్లో సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేశారు. పూర్తిగా ఆటోమేట్ చేసి చేతి స్విచ్‌లు తీసేసిన గ్రిడ్‌కు ఆ అవకాశం ఉండదు. కాబట్టి చేతితో నడిపే ఏర్పాటు ఉంచడం, దాన్ని నడపడం వచ్చినవాళ్లను ఉంచడం, అప్‌డేట్‌లను ముందు కొద్ది యంత్రాలకే పంపి చూడటం, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లను విడిగా నిల్వ ఉంచడం అవసరం. ఆ ట్రాన్స్‌ఫార్మర్లు ఆర్డర్ ఇస్తే రావడానికి ఏళ్లు పడుతుంది.

ఎండను తగ్గించి భూమిని చల్లబరచే ఆలోచనలో ప్రమాదం ఏమిటి?

1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం సుమారు 1.5 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ పైకి చిమ్మింది. తర్వాతి ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. విమానాలతో అదే పని చేయవచ్చన్నది ఆలోచన. ఆ కణాలు ఏడాది రెండేళ్లలో కిందికి దిగిపోతాయి, కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు ఉంటుంది. దశాబ్దాలు చేసి, యుద్ధం వల్లో మాంద్యం వల్లో ఆపేస్తే, అణచిపెట్టిన వేడి కొద్ది సంవత్సరాల్లోనే తిరిగివస్తుంది. పంటలకూ అడవులకూ సర్దుకునే వ్యవధి ఉండదు. ఇంకో మహావిపత్తు మధ్యలో ఇది ఆగిపోతే రెండు దెబ్బలూ కలిసి పడతాయి.

నానో రోబోలు, కణ త్వరణ యంత్రాలు?

అన్నిటినీ తినేసే నానో రోబోల దండు దగ్గర్లో లేదు. ఆ ఊహను ముందుకు తెచ్చిన ఎరిక్ డ్రెక్స్లరే, నానో తయారీకి సొంతంగా పునరుత్పత్తి చేసుకునే యంత్రాలు అవసరం లేదని 2004లో చెప్పారు. కణాలను వేగంగా ఢీకొట్టించే త్వరణ యంత్రాలు భూమిని నాశనం చేస్తాయన్న భయం విషయానికొస్తే, వాటిలో జరిగే ఢీకొనడాల కన్నా శక్తిమంతమైనవి కాస్మిక్ కిరణాల వల్ల కోట్ల ఏళ్లుగా భూమ్మీద జరుగుతున్నాయి.

అయితే లెక్కలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయనుకోవద్దు. అణుబాంబు వాతావరణాన్ని అంటించదన్న లెక్క నిజమైంది. 1954లో అమెరికా చేసిన కాసిల్ బ్రావో హైడ్రోజన్ బాంబు పరీక్షలో మాత్రం 6 మెగాటన్నులని లెక్కవేస్తే 15 వచ్చింది, ఎందుకంటే ఇంధనంలోని లిథియం-7 చర్యలో పాల్గొనదనుకున్నారు.

నిపుణులు చెప్పే శాతాలను నమ్మవచ్చా?

2100 లోపు మనిషి జాతి అంతరించే అవకాశం గురించి 2022లో జరిగిన ఒక పెద్ద అంచనాల పోటీలో, ఆయా రంగాల నిపుణుల మధ్యస్థ అంచనా 6 శాతం, అంచనాలు వేయడంలో మంచి రికార్డు ఉన్నవారిది 1 శాతం. నెలల తరబడి వాదించుకున్నా ఇరుపక్షాలూ పెద్దగా దగ్గరకాలేదు. ఆరింతల తేడా చిన్నది కాదు. కానీ 1 శాతమే నిజమైనా, ఏ విమానాన్నీ అంత ముప్పుతో ఎగరనివ్వరు. ఆ అంకెలను పనుల వరుస నిర్ణయించుకోవడానికి వాడండి, జోస్యంగా కాదు.

ఇంట్లో, పనిచేసే చోట చేసుకోదగిన సన్నాహాలు ఉన్నాయా?

ఉన్నాయి, ఖర్చూ తక్కువే.

మాస్క్: రబ్బరు ముఖకవచానికి పీ100 ఫిల్టర్లు బిగించే రకం ఒక్కొక్కరికి ఒకటి. అది 99.97 శాతం కణాలను ఆపుతుంది, ముఖకవచాన్ని (ఫిల్టర్లను కాదు) కడిగి మళ్లీ మళ్లీ వాడవచ్చు. పెట్టుకున్నాక ఫిల్టర్లను అరచేతులతో మూసి లోపలికి గాలి పీల్చండి. కవచం ముఖానికి అతుక్కుని అలాగే ఉంటే సరిగ్గా ఉన్నట్టు. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది.

గాలి: 20 అంగుళాల మెర్వ్ 13 (సన్నని కణాలను పట్టే రకం) ఫిల్టర్లు నాలుగు, చదరపు బాక్స్ ఫ్యాన్ ఒకటి, అట్టముక్క, టేప్ చాలు. ఫిల్టర్లను పెట్టె గోడల్లా నిలబెట్టి, వాటిపై బాణం గుర్తులు లోపలికి ఉండేలా టేప్ చేయాలి. అడుగున అట్ట, పైన గాలి పైకి ఊదేలా ఫ్యాన్. ఫ్యాన్ మూలల నుంచి గాలి వెనక్కి రాకుండా మధ్యలో గుండ్రటి రంధ్రం చేసిన అట్ట అంటించాలి. చాలామంది వదిలేసేది ఈ అట్టనే, అది లేకపోతే గాలి తక్కువ వస్తుంది. గదిలో గాలి గంటకు 6 సార్లు మారితే 99 శాతం కణాలు పోవడానికి 46 నిమిషాలు, 12 సార్లయితే 23 నిమిషాలు.

నీళ్లు: మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున రెండు వారాలకు. నిల్వ అయిపోతే, సువాసన లేని 6 శాతం బ్లీచ్ లీటరుకు 2 చుక్కలు వేసి 30 నిమిషాలు ఆగాలి. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టి, చుక్కలు రెట్టింపు చేయాలి.

అణు పేలుడు తర్వాత: భవనం మధ్యలోకి, వీలైతే నేలమాళిగలోకి వెళ్లి కనీసం 24 గంటలు అక్కడే ఉండాలి. సమయం ఏడింతలయ్యేకొద్దీ రేడియేషన్ పదో వంతుకు పడిపోతుంది. పేలుడైన గంటకు 100 ఉంటే, 7 గంటలకు 10, సుమారు 2 రోజులకు 1. మొదటి గంటల్లో బంధువుల కోసం రోడ్డెక్కవద్దు, రేడియేషన్ ఎక్కువగా ఉండేది అప్పుడే. పొటాషియం అయోడైడ్ మాత్ర థైరాయిడ్ గ్రంథిని మాత్రమే కాపాడుతుంది, అదీ రేడియోధార్మిక అయోడిన్ నుంచే.

ప్రమాదకరమైన సమాచారమో, సాఫ్ట్‌వేర్ లోపమో నా కంటబడితే ఏం చేయాలి?

ముందుగా చేయకూడనిది: హెచ్చరిద్దామని దాన్నే బహిరంగంగా పోస్టు చేయడం. లింకు, స్క్రీన్‌షాట్ కూడా వద్దు. ఏఐ నమూనా విషయమైతే కంపెనీ భద్రతా విభాగానికి, ల్యాబ్ విషయమైతే ఆ సంస్థ జీవభద్రతా అధికారికి, సాఫ్ట్‌వేర్ లోపమైతే తయారీదారుకు, దేశంలోని సెర్ట్ (సైబర్ ప్రమాదాలను చూసే) బృందానికి నేరుగా రాయండి. ఎక్కడ చూశారు, ఎప్పుడు, మళ్లీ చేస్తే అలాగే వస్తోందా అన్న మూడూ రాయండి. ప్రమాదకరమైన భాగాన్ని మొదటి ఈమెయిల్‌లో పెట్టకుండా సురక్షిత మార్గం అడగండి. జవాబు రాకపోతే సాఫ్ట్‌వేర్ లోపాల్లో 90 రోజుల గడువు తర్వాత బయటపెట్టడం ఆనవాయితీ. జీవశాస్త్రంలో ఆ ఆనవాయితీ వర్తించదు, ఎందుకంటే రోగకారకానికి ప్యాచ్ పంపలేం. అక్కడ జవాబు రాకపోతే పై అధికారికి, తర్వాత ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు వెళ్లాలి తప్ప బహిరంగంగా కాదు.